సబ్బుతో చెక్కిన పళ్ళు

టెలిగ్రాం వచ్చేసరికి నేను ఒక పెద్దాయన నోట్లో కట్టుడు పళ్ళకి అచ్చు పెట్టి పట్టుకుని ఉన్నాను. అచ్చు గట్టిపడే దాకా చెయ్యి కదపకూడదు. కవరు చించి అటెండరే కాగితాన్ని నా కళ్ళ ముందు పట్టుకున్నాడు. 'పక్కింటి మామ్మ పోయింది. బాధ పడలేదు. పళ్ళు పెట్టుకునే ఉంది.' నాన్న పంపిన ఇంగ్లీషు టెలిగ్రాంకి ఇది నా తెలుగు. టెలిగ్రాంలో ఒక్క మాట ఎక్కువైనా విలవిల్లాడే మనిషి మా నాన్న. అలాంటాయన పళ్ళ సంగతి కూడా చేర్చాడు. తంతి గుమస్తా ఆయన్ని ఒకటికి రెండుసార్లు ఎగాదిగా చూసే ఉంటాడు.

ఆ మాట ఎందుకు చేర్చాడో ఇంటికి వెళ్ళాక తెలిసింది. మామ్మని పెట్టెలో పడుకోబెట్టే ముందు, కట్టుడు పళ్ళు తీసెయ్యాలని ఒకరు, తీస్తే బుగ్గలు లోపలికి పోతాయని ఇంకొకరు వాదించుకున్నారట. మామ్మ కొడుకు గోడ దగ్గరికి వచ్చి మా నాన్నని పిలిచాడు. "అన్నయ్యా, పళ్ళు తీసెయ్యమంటన్నారు. ఏటి సెయ్యమంటావు?" అన్నాడు. "తీస్తే మీ యమ్మ లేచి కూకుని తిడతాది. ఉంచీ" అన్నాడు నాన్న. అంత దుఃఖంలోనూ ఆ కొడుకు నవ్వాడని మా అమ్మ చెప్పింది.

ఈ పత్రిక చదివే భిలాయి తెలుగువాళ్ళలో సెక్టర్ 7 వెనక సందుల్లో నడిచినవాళ్ళు ఆవిడను చూసే ఉంటారు. క్వార్టరు పెరట్లో నడుం ఎత్తు గోడకి చేరగిలబడి, చుట్ట మండే కొసను నోట్లో పెట్టుకుని పొగ పీల్చే బక్కపల్చటి ముసలావిడ. మా శ్రీకాకుళం సముద్రపు ఊళ్ళలో దాన్ని అడ్డపొగ అంటారు. సముద్రపు గాలికి నిప్పు ఆరిపోకుండా ఆడవాళ్ళు అలా అలవాటు పడ్డారని ఆవిడే చెప్పేది. "మరి భిలాయిలో సముద్రం లేదు కదా మామ్మా?" అంటే, "ఆ సంగతి నా నోటికి తెల్దు కదే" అనేది.

ఆవిడ మాకు చుట్టం కాదు. వాళ్ళు క్రైస్తవులు, మేము సింహాచలం అప్పన్నకి మొక్కుకునేవాళ్ళం. ఆవిడ కొడుకు రైల్వేలో ఇంజన్ డ్రైవరుగా చేసి, ప్లాంటులో ఇంజన్లు నడపడానికి ఇక్కడికి వచ్చాడు. మా నాన్న రోలింగ్ మిల్లులో ఫిట్టరు. మా పెరట్లో ఒక జామచెట్టు ఉంది. దాని కొమ్మలు సగం అటు వంగుతాయి. "సెట్టు మీది, కాయలు నావి" అని మేము క్వార్టరులో దిగిన తొలి ఏడాదే ఆవిడ తీర్పు చెప్పేసింది. అయితే ఆ కాయలు ఆవిడ కొరకలేదు. పై పళ్ళలో ముందువి రాలిపోయాయి, మిగతావి కదులుతుండేవి. కాయను రెండుగా కోసి చెంచాతో గీక్కుని తినేది. "గీక్కుని తింటే ఇది జాంకాయేటే? మందు" అని విసుక్కునేది. నవ్వు వస్తే చెంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఆస్పత్రికి వెళ్దామంటే మాత్రం, అక్కడి పళ్ళ కుర్చీ సంగతి ఎవరో చెప్పారట, వారం రోజులు మా గోడ దగ్గరికి కూడా రాలేదు.

పోయినవాళ్ళ గురించి రాయడం మొదలుపెడితే వాళ్ళని దేవతల్ని చెయ్యాలని కలం లాగుతుంది. మామ్మ దేవత కాదు. అబద్ధాలు కళ్ళార్పకుండా ఆడేది. పాలవాడితో, కూరగాయలమ్మే ఆవిడతో, నీళ్ళ కుళాయితో కూడా పోట్లాడేది. నేను ఈ రోజు పళ్ళ డాక్టరునై ఉన్నానంటే అది ఆవిడ వల్ల. ఆ కథ చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అరవై ఎనిమిది చలికాలంలో నేను దంతవైద్య కళాశాలలో మూడో ఏడు చదువుతున్నాను. దుర్గ్ లో రైలెక్కితే ఒక పూర్తి రోజు ప్రయాణం. ఆ ఏడు ప్రపంచమంతా తిరిగిన ఫ్లూ మా ఊరికీ వచ్చింది. పేపర్లు దాన్ని హాంకాంగ్ ఫ్లూ అన్నాయి. వేరే డాక్టర్లు రోగి మణికట్టు పట్టుకుని నాడి చూస్తారు. మేము రోగి ఊపిరి మా ముఖానికి తగిలేంత దగ్గరగా వంగి పనిచేస్తాం. చేతికి తొడుగులు లేవు, మూతికి గుడ్డ పెద్ద ఆపరేషన్లకే. పంటి నొప్పి ఫ్లూ తగ్గేదాకా ఆగదు కాబట్టి రోగులు దగ్గుతూనే వచ్చేవాళ్ళు. నా గదిలో ఉండే నాగపూర్ అమ్మాయి, నా పక్క కుర్చీలో పనిచేస్తూ చేస్తూ పళ్ళెం మీద ఒరిగిపోయింది. వారం తిరిగేసరికి హాస్టల్లో మా అంతస్తులో సగం మంచాల మీద జ్వరాలే. మాకు వంట చేసే ముసలాయన ఆస్పత్రికి వెళ్ళి మళ్ళీ రాలేదు. పరీక్షలు వాయిదా వేశారు. ఎప్పుడు పెడతారో చెప్పకుండా కాలేజీ మూసి మమ్మల్ని ఇళ్ళకు పంపేశారు.

నాకు జ్వరం రాలేదు. ఇంటికి వచ్చాక తెలిసింది, వచ్చింది వేరేదని.

నోళ్ళంటే భయం పట్టుకుంది. నాన్న ఆవలిస్తే గదిలోంచి వెళ్ళిపోయేదాన్ని. అందరితో కలిసి కూర్చుని తినలేకపోయాను, నమిలే నోళ్ళు కనపడకుండా కంచం పట్టుకుని వంటింటి మూలకి వెళ్ళిపోయేదాన్ని. చేతులు కడిగిందే కడిగేదాన్ని. అది కూడా బట్టలుతికే పచ్చ సబ్బుతో, చర్మం పగిలి మండేదాకా. అన్నిటికన్నా ఘోరం, వేళ్ళు వణికేవి. చెంచాతో పులుసు నోటిదాకా తేలేని మనిషి ఎవరి నోట్లో ఏం పని చేస్తుంది? "జొరం నేదు, దగ్గు నేదు. ఏటయ్యిందే నీకు?" అని అమ్మ నా నుదురు ముట్టుకుని చూసేది. ఆస్పత్రిలో బలానికి టానిక్ రాసిచ్చారు. నా పుస్తకాల నిండా పళ్ళ జబ్బులే ఉన్నాయి. ఆ పుస్తకాలు చదివేవాళ్ళకి వచ్చే జబ్బు గురించి వాటిలో ఒక్క పేజీ లేదు.

ఒక రోజు నాన్న డ్యూటీకి బూట్లు వేసుకుంటుంటే చెప్పేశాను, కాలేజీ తెరిచినా నేను వెళ్ళనని. ఆయన రెండో బూటు కూడా తొడుక్కుని లేసు బిగించాడు. మిల్లులో ప్రతివాడికీ తన కూతురు పళ్ళ డాక్టరవుతోందని చెప్పుకున్న మనిషి. "నీ ఇష్టం తల్లీ" అన్నాడు. సైరన్ మోగింది. సైకిలెక్కి వెళ్ళిపోయాడు. కేకలేసి ఉంటే ఎదురు చెప్పేదాన్ని.

మామ్మ ఇదంతా గోడవతల నుంచి చూస్తూనే ఉంది. ఒక ఉదయం ఒక చేటలో కందిపప్పు పోసి తెచ్చి గోడ మీద పెట్టింది.

"ఓలె గుంటా, కళ్ళున్నాయి కదా. రాళ్ళేరు."

చెయ్యి చాపాను. వేళ్ళు వణుకుతూ పప్పంతా చెదిరింది. అంతే, ఏడుపు తన్నుకొచ్చింది. మామ్మ ఊరుకోమనలేదు. ఏడుపు ఎందుకని కూడా అడగలేదు.

"ఏడిస్తే ఏడు. ఏడుస్తూ ఏరు. సేటలో మాత్రం పడనీకు, పప్పు నానిపోతాది."

ఏడుస్తూనే ఏరాను. రోజూ అదే పని. కందిపప్పు అయిపోతే బియ్యం, బియ్యం అయిపోతే మినుములు. ముగ్గురు మనుషుల ఇంట్లో అంత పప్పు ఎక్కడిదని చాలా రోజులకి అనుమానం వచ్చింది. ఏరిన పప్పులో ఆవిడే మళ్ళీ రాళ్ళు కలిపి తెచ్చేదని ఆవిడ కోడలు బయటపెట్టింది. మామ్మ మాత్రం ఆఖరుదాకా ఒప్పుకోలేదు.

ఇక సబ్బు సంగతి. మా చదువులో తొలి ఏడంతా పళ్ళు చెక్కడమే. మైనం దిమ్మ ఇస్తారు. కోరపన్ను, ముందు పన్ను, దవడ పన్ను, ప్రతి గుంటా ప్రతి వంపూ తప్పకుండా చిన్న కత్తితో చెక్కాలి. చేతులకి బుద్ధి వచ్చేది అక్కడే. ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడు నాకే తెలియకుండా నా చేతులు ఆ పని వెతుక్కున్నాయి. మైనం లేదు కాబట్టి పచ్చ సబ్బు. నాన్న పాత గడ్డం బ్లేడు. చిత్రమేమిటంటే, చెక్కుతున్నంతసేపూ వేళ్ళు వణికేవి కావు. చెక్కినవి సబ్బు పెట్టెలోనే పడేసేదాన్ని. ఒకసారి మామ్మ ఇంట్లో సబ్బు అయిపోయి మా అమ్మనడిగి పెట్టె పట్టుకెళ్ళింది. కాసేపటికి గోడవతల నుంచి కేక.

"ఓలమ్మో! మీ సబ్బుకి పళ్ళొచ్చేసాయి!"

అమ్మ పరిగెత్తుకొచ్చింది. మామ్మ అరచేతిలో నా దవడ పన్ను పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తోంది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ మాత్రం సంత బేరంలో ఉన్నట్టు అడిగింది.

"నాకు ముందు పన్నొకటి సెక్కీ."

చూసుకోవడానికి అడుగుతోందనుకుని, మర్నాటికి ఒక ముందు పన్ను శ్రద్ధగా చెక్కి ఇచ్చాను. ఆవిడ దాన్ని తీసుకెళ్ళి చిగుళ్ళ సందులో ఇరికించుకుంది. ఇరికించుకుని నేరుగా వీధి గుమ్మంలోకి వెళ్ళి, కూరగాయలు తెచ్చే ఛత్తీస్‌గఢీ దాయీతో వంకాయల బేరం మొదలుపెట్టింది. ఇక్కడ పెద్ద ఆడవాళ్ళని దాయీ అనే పిలుస్తారు. బేరం వేడెక్కింది. నోరు తడిసింది. మూతి చుట్టూ తెల్లగా నురగ కమ్మింది. దాయీ బుట్ట వదిలేసి, "దాయీ లా మిర్గీ ఆగే!" అని గుండెలు బాదుకుంది. ముసలమ్మకి మూర్ఛ వచ్చిందని వీధంతా పోగయ్యింది. నేను పరిగెత్తాను. మామ్మ నురగ ఉమ్మేస్తూ, వంకాయలు వదలకుండా, నాకేసి గుర్రుగా చూసి అంది:

"నీ పన్ను సేదుగా ఉందే!"

నేను మెట్టు మీద కూలబడి నవ్వాను. నవ్వి నవ్వి డొక్కలు నొప్పెట్టాయి. ఇంటికి వచ్చాక నా గొంతులోంచి నవ్వు రావడం అదే మొదలు. వెనక తలుపు దగ్గర మా అమ్మ కళ్ళొత్తుకుంటోంది.

ఆ సాయంత్రం మామ్మ గోడ దగ్గరికి వచ్చి, ఈసారి మెల్లగా అడిగింది, "సబ్బుది కాదే. నిజం పళ్ళు సెయ్యగలవా?"

"చెయ్యాలంటే నోరు చూడాలి మామ్మా."

"సూడు మరి."

"చూడలేను. నాకు నోరంటేనే భయం. ఇంక కాలేజీకి వెళ్ళను."

భయమన్న మాట అంత పొడిగా బయటికి అనడం నాకే కొత్త. మామ్మ నోట్లోంచి చుట్ట తీసి గోడకి రాసి ఆర్పింది.

"నాకు సూపించుకోడం బయ్యం, నీకు సూడ్డం బయ్యం. సరిపోయింది. నువ్వు గోడవతలే ఉండు. నీకు బయ్యమేస్తే ఇంట్లోకి ఎల్లిపో. నాకు బయ్యమేస్తే నోరు మూసేస్తాను. ఎవులూ ఎవుల్నీ ఏటీ అనుకోకూడదు."

మర్నాడు ఉదయం ఎండ పెరట్లోకి దిగాక మొదలుపెట్టాం. ఆవిడ తన గుమ్మం మెట్టు మీద కూర్చుంది. నేను గోడకి ఇవతల, జామచెట్టు కింద. అంత దూరం నుంచి నోట్లో ఏం కనిపిస్తుంది? నాన్న గడ్డం గీసుకునే అద్దం తెచ్చి ఎండను అందులో పట్టి ఆవిడ ముఖం మీదికి వేశాను. వెలుగు ముక్క ఆవిడ గడ్డం మీద, ముక్కు మీద గెంతింది. నా చెయ్యి వణుకుతోంది మరి. "కుదురుగా పట్టే! కళ్ళు పోతన్నాయి" అని కసిరింది. చివరికి వెలుగు పెదాల మీద నిలిచింది. ఆవిడ ఒక్క క్షణం నోరు తెరిచి, టక్కున మూసేసి, చెంగు అడ్డం పెట్టుకుంది. నేను ఇంట్లోకి పారిపోయాను. ఆ రోజుకి అంతే. ఎవరూ ఎవరినీ ఏమీ అనుకోలేదు.

రోజూ అలాగే. ఆవిడ మెట్టు దిగి ఒక పీట వేసుకుంది. పీట కొంచెం కొంచెం గోడ దగ్గరికి జరిగింది. నేను పారిపోవడం తగ్గింది. తీరా చూస్తే నాకు నోరు అంత భయంకరంగా కనిపించలేదు. అందులో ఉన్నవి నేను చదివిన పళ్ళే, చదివిన చిగుళ్ళే. కొన్నాళ్ళకి ట్రంకు పెట్టెలోంచి నా పనిముట్ల డబ్బా తీసి, నోట్లో పెట్టి చూసే చిన్న అద్దం గోడ మీద పెట్టుకున్నాను. వాడలేదు. అది నా పక్కన ఉంటే చాలనిపించింది.

ఒక ఉదయం మామ్మ గోడకి ఆనుకుని, తల వెనక్కి వాల్చి, నోరు బాగా తెరిచింది. వెలుగు తిన్నగా అంగిలి మీద పడింది. అడ్డపొగ తాగేవాళ్ళ అంగిలి ఎలా ఉంటుందో పాఠంలో చెప్పారు. నిప్పు రోజూ తగిలి తెల్లగా, మందంగా అవుతుంది, చుక్కలు చుక్కలుగా ఉంటుంది. అదంతా ఉంది. ఆ తెలుపు మధ్యలో ఒకచోట ఎర్రగా, పచ్చిగా ఒక మచ్చ. అలాంటి మచ్చ ఒక్కోసారి దేనిగా మారుతుందో కూడా అదే పాఠంలో చెప్పారు.

నేను గోడ మీదికి ఎప్పుడు వంగానో, చెయ్యి ఎప్పుడు లోపలికి వెళ్ళిందో నాకు తెలియదు. వేలితో ఆ మచ్చ చుట్టూ ఒత్తి చూశాను, గట్టిగా ఉందా మెత్తగా ఉందా అని. మెత్తగానే ఉంది. నొప్పా అని అడిగాను. ఆవిడ నోట్లో నా వేలుండగా ఏదో అంది. అప్పుడు చూసుకున్నాను, నా వేలు ఒక మనిషి నోట్లో ఉంది. వణకడం లేదు.

"సేతులు కడుక్కోవేటి?" అంది మామ్మ, నేను అలాగే నిలబడిపోతే.

ఒక్కసారే కడుక్కుని, ఆవిడను వెంటబెట్టుకుని ఆస్పత్రికి వెళ్ళాను. పళ్ళ కుర్చీలో కూర్చున్నంతసేపూ ఆవిడ నా మణికట్టు నొక్కి పట్టుకుంది. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. ఫలితం వచ్చేదాకా నేను చేసిన మొక్కులు అప్పన్నకే తెలుసు. అవతలింట్లో ప్రార్థనలు. చివరికి డాక్టరుగారు చెప్పారు, ఇంకా ఏమీ కాలేదు, చుట్ట మానేస్తే మానుతుంది, మానకపోతే చెప్పలేనని.

సరిగ్గా అదే వారం కాలేజీ తెరుస్తున్నారని కబురు వచ్చింది. నేను ఆ మాట మామ్మకి చెప్పలేదు. మా అమ్మ చెప్పేసింది. నేను చుట్ట మానమని బతిమాలుతుంటే ఆవిడ నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది.

"నా పెల్లి కాకముందు నుంచి కాలుస్తన్నాను. నన్ను ఒగ్గేయమంటన్నావు. నువ్వేటి ఒగ్గేస్తన్నావు?"

"నేనా?"

"నువ్వు కాలేజీకి ఎల్లు, నాను సుట్ట మానేస్తాను. కష్టం నాకొక్కదానికే ఏటి?"

నేను వెళ్ళకపోతే ఆవిడ కాలుస్తుంది. కాలిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఇంత అన్యాయమైన బేరం నేను ఎక్కడా చూడలేదు. రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. మూడో రోజు ట్రంకు సర్దుకున్నాను. దుర్గ్ స్టేషన్‌కి ఆవిడ కూడా వచ్చింది. బండి కదిలే ముందు కిటికీలోంచి ఒక గుడ్డ మూట నా ఒళ్ళో పడేసింది. ఊరి నుంచి తెప్పించుకున్న చుట్టలు, ఇంట్లో ఉన్నవన్నీ.

"పట్టుకెల్లు. ఇంట్లో ఉంటే కాల్చేస్తాను."

హాస్టల్లో ఆ మూట వార్డెన్ కంట పడింది. మూడో ఏడు ఆడపిల్ల ట్రంకులో చుట్టల కట్ట ఎందుకుందో ఆవిడకి హిందీలో చెప్పడానికి నాకు ఒక పూట పట్టింది.

తొలి రోగి ముందు నా చేతులు వణికాయి. వణకవని ఎవరూ మాట ఇవ్వలేదు కదా. ఆ రోగి ఒక పొలం మనిషి, నాకన్నా ఎక్కువ బెదిరిపోయి ఉన్నాడు. మా ఇద్దరి మధ్య కుదిరిన ఒప్పందం మామ్మదే: భయమేస్తే మీరు నోరు మూసెయ్యండి, నాకు భయమేస్తే నేను కిటికీ దగ్గరికి వెళ్తాను. నేను వెళ్ళాను కూడా. వెళ్ళి, కళ్ళు తుడుచుకుని, తిరిగి వచ్చి పని చేశాను. ఏడుస్తూ ఏరడం అప్పటికి అలవాటైన పనే.

నాగపూర్ అమ్మాయి తిరిగి వచ్చింది. ఆ భయం నాకొక్కదానికే అనుకున్నాను. తనకి నెలల తరబడి సరిగ్గా నిద్ర లేదని ఆమె చెప్పింది. మా తరగతిలో ఒకడు రోగి దగ్గితే లెక్కలేనన్ని సార్లు పుక్కిలిస్తున్నాడు. ఇంకొకడు పరీక్ష ఎప్పుడో తెలియక పుస్తకం తెరవడమే మానేశాడు. ప్రతివాళ్ళూ తమకే పిచ్చెక్కిందనుకుని నోరు మెదపలేదు. నేను వాళ్ళకి సబ్బు పన్ను కథ చెప్పాను. ఆదివారం పొద్దున్న వరండాలో అటు కొందరు ఇటు కొందరు కూర్చుని, అద్దాలతో ఒకరి నోట్లోకి ఒకరు ఎండ వేసుకున్నాం. చూసేవాళ్ళకి నిజంగానే పిచ్చెక్కిందనిపించి ఉంటుంది. అందరూ నిలదొక్కుకోలేదు. పుక్కిలించే అబ్బాయి చదువు వదిలి వెళ్ళిపోయాడు. అతను గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

మామ్మ మాట నిలబెట్టుకుంది, దాదాపుగా. రెండుసార్లు పెరట్లో పొగ వాసన వచ్చిందని అమ్మ రాసింది. అడిగితే "పక్కింటోల్ల పొయ్యి" అందట. ఆ పక్కిల్లు మాదే. అంగిలి మీద మచ్చ మాత్రం మానింది.

కదిలే పళ్ళు భిలాయిలోనే తీయించుకుని, చిగుళ్ళు మానాక, నాన్న తోడుగా రైలెక్కి మా కాలేజీకి వచ్చింది. చివరి ఏడులో కట్టుడు పళ్ళ సెట్టు చేసి చూపించాలి. నా సెట్టు మామ్మది. చెంగు నోటికి అడ్డం పెట్టుకోకుండా నవ్వని మనిషి, అక్కడ తరగతి మొత్తానికి నోరు తెరిచి చూపించింది. "రండి, సూడండి, నాకేటి సిగ్గు" అంటూ పిలిచి మరీ. పిల్లలంతా హిందీలో అమ్మమ్మా అన్నట్టు నానీ నానీ అని చుట్టూ మూగారు. మైనంలో పళ్ళు పేర్చి నోట్లో పెట్టి చూసే రోజున అద్దంలో చూసుకుని మూతి ముడిచింది.

"ఇవి నావి కావు."

"ఎందుకు కావు?"

"అన్నీ తిన్నగా ఉన్నాయి. ఎడం పక్క ముందు పన్ను నాకు ఒంకరుండేది. పెల్లిసూపుల్లో మా ఆయన దాన్నే సూసాడు."

వంకర పెడితే మార్కులు పోతాయన్నాను. మా ప్రొఫెసరుగారు వచ్చి పళ్ళు వరసగా ఉండాలని నచ్చజెప్పబోయారు. పళ్ళు నావి, వంకరే కావాలని మామ్మ ఆయనకి తన హిందీలో చెప్పింది: "హమారా దాంత్ సాబ్. టేఢా మంగ్‌తా." ఆయన నవ్వి, నాకేసి చూసి, పెట్టెయ్ అన్నారు. పై వరసలో ఎడమ పక్క ముందు పన్నుని కాస్త పక్కకి తిప్పి పెట్టాను. మామ్మ మళ్ళీ అద్దం చూసుకుంది. చాలాసేపు చూసుకుంది.

పంపేటప్పుడు చెప్పాల్సినవన్నీ చెప్పాను. ముందు పళ్ళతో ఏదీ కొరక్కు, ముక్కలు కోసుకుని తిను, రాత్రి తీసి నీళ్ళలో వెయ్యి. అన్నిటికీ బుద్ధిగా తలూపింది. ఇంటికి వెళ్ళిన రోజే, చెయ్యి కూడా కడుక్కోకుండా, గోడ దగ్గరికి వెళ్ళి జాంకాయ కోసి కరకరా కొరికిందని నాన్న చెప్పాడు. అదే ఏడు నేను పరీక్ష పాసయ్యాను.

టెలిగ్రాం అందిన రోజు పెద్దాయన నోట్లోంచి అచ్చు తీసి, మిగిలిన రోగుల్ని చూసి, ఆ తర్వాత సెలవు అడిగాను. ఇంటికి చేరేసరికి అన్నీ అయిపోయాయి. అమ్మతో కాసేపు కూర్చుని పెరట్లోకి వెళ్ళాను. చెట్టు నిండా కాయలు. గోడవతల మామ్మ కోడలు బట్టలారేస్తోంది. నన్ను చూసి దగ్గరికి వచ్చింది.

"ఆ రోజు పొద్దున్న కాయ కోసుకుంది, పాపా. ఒక్క ముక్క కొరికి, బాగుంది, మీ యమ్మకీ ఒకటిత్తానని పిలిసింది. కాయ గోడ మీద పెట్టి, కూకుంటానని మెట్టు మీద కూకుంది. అంతే. కాయ అక్కడే ఉండిపోయింది. తియ్యబుద్ధి కాలేదు."

గోడ మీద, ఒకప్పుడు నేను అద్దం పెట్టుకున్న చోట, ఆ కాయ ఉంది. ఎండకి వడిలి, కొరికిన మేర నల్లబడింది. చీమలు కూడా వదిలేశాయి. చేతిలోకి తీసుకుని వెలుగులో పట్టుకున్నాను. గాట్లు ఇంకా తెలుస్తున్నాయి, ఒకదాని పక్కన ఒకటి. ఎడమ పక్కది మాత్రం కాస్త వంకరగా తిరిగి ఉంది.